వంతెన ఆఫ్కె వెల్లకిలా నిద్రపోయిన వైనం

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్న పెద్దమనిషికి దవడ ఆపరేషన్ అయ్యుండదు. అయ్యుంటే రెండో ముక్క వెనక్కి తీసుకునేవాడు. నా మాట నమ్మకపోతే మా ఊరి వంతెన దగ్గరికొచ్చి ఆఫ్కెని అడగండి.

హాలండ్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో మా ఊరు కాలువకి రెండు గట్ల మీదా ఉంటుంది. నడుమ వంతెన. పడవలొస్తే దాన్ని పైకెత్తడం, వెళ్ళాక దించడం ఆఫ్కె పని. ఆవిడ తండ్రి సరుకు పడవ నడిపేవాడు. ఆవిడ పుట్టడం, పాకడం, పాలపళ్ళు ఊడడం అన్నీ ఆ పడవలోనే. వెనక చిన్న గదిలో పిల్లలందరూ ఒకే బల్ల మీద సర్దుకుని పడుకునేవాళ్ళు. ఆఫ్కెది అంచున చోటు. దొర్లితే కిందపడుతుంది గనక బోర్లా పడుకుని, బల్లని రెండు చేతులా కరుచుకుని నిద్రపోవడం నేర్చుకుంది. పడవ పోయింది, తండ్రి పోయాడు, ఆవిడకి అరవై దగ్గరపడ్డాయి. అలవాటు మాత్రం పోలేదు. బల్ల బదులు దిండు వచ్చిందంతే. దిండుని గుండెల కింద అదిమిపెట్టి, చెంప పరుపుకి ఆనించిందంటే పిడుగు పడ్డా లేచేది కాదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆఫ్కె నోరు మంచిదో కాదో గాని పెద్దది. పట్నం వాళ్ళు పడవలో దూసుకొస్తే గట్టు మీంచి ఆవిడ వేసే కేకకి నీళ్ళలో బాతులు లేచిపోయేవి. గాలపు కర్రకి కట్టిన చెక్కబూటుని పడవ మీదకి ఊపి, "చిల్లర వెయ్యి నాయనా, పళ్ళికిలిస్తే వంతెన లేవదు!" అనేది. వాళ్ళు నవ్వుకుంటూ వేసేవాళ్ళు. వెయ్యనివాళ్ళు తర్వాతి ఊరి దాకా ఆవిడ గొంతు వింటూ పోయేవాళ్ళు.

అటువంటి నోటికి కళ్ళెం పడింది. వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం వంతెన దించుతుంటే పళ్ళచక్రం జారి, ఇనప హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి ఆవిడ దవడని కొట్టింది. ఎముక రెండు చోట్ల విరిగింది. పట్నంలో ఆపరేషన్ చేసి, లోపల ప్లేట్లు బిగించి, పైపళ్ళకీ కిందిపళ్ళకీ కలిపి రబ్బరు పట్టీలు వేసి పంపించారు. ఊరంతా అయ్యో అంది. ఆ తర్వాత చెవులకి కాస్త విశ్రాంతి అనుకుంది. నేనూ అనుకున్నాను, అబద్ధమెందుకు!

పంపించేటప్పుడు డాక్టరు ఒక్కటే చెప్పాడు. "మూడు వారాలు వెల్లకిలా పడుకోవాలి. తలా భుజాలూ ఎత్తులో ఉండాలి. పక్కకి తిరక్కూడదు. బోర్లా అన్న మాటే వద్దు."

పళ్ళ సందుల్లోంచి ఆఫ్కె అంది: "దానికంటే మూడు వారాలు నిద్రపోవద్దని చెప్పండి. తేలిక."

ఆ మూడు వారాలే కూతురు నింకెకి నెలలు నిండే వారాలు. తొలి కాన్పు. ఇంట్లోనే కంటానంది. "కనేటప్పుడు నీ చెయ్యే పట్టుకుంటానమ్మా. రిన్సె చెయ్యి పట్టుకుంటే ముందు వాడే పడిపోతాడు," అంది. రిన్సె అల్లుడు. దీవులకి వెళ్ళే ఫెర్రీలో పని. తుఫానుకి చలించడు గాని వేలు తెగి నెత్తురు కనిపిస్తే కుర్చీ వెతుక్కుంటాడు. ఆఫ్కె కూతురికి మాటిచ్చింది. ఇచ్చిన మాట తప్పడం ఆవిడ వంశంలో లేదు. వెల్లకిలా పడుకోవడమూ లేదు.

మేడమెట్లు నిటారుగా ఉంటాయని మంచాన్ని కింద వీధిగదిలోకి దించారు. దించింది మొగుడు వొబ్బె. వొబ్బె డెయిరీలో జున్ను గదుల్లో పనిచేసి రిటైరయ్యాడు. చెప్పిన పని చెప్పిన దానికి రెండింతలు చేసే మనిషి.

"తలవైపు ఎత్తు చెయ్యాలట. దుకాణంలో మంచం కింద పెట్టే దిమ్మలు అద్దెకిస్తారుగా, పట్టుకురా," అంది ఆఫ్కె.

వొబ్బె సైకిల్ ముందు పెట్టె నిండా దిమ్మలు వేసుకుని ఊరి మధ్య నుంచి తొక్కుకుంటూ వచ్చాడు. మా దగ్గర ఆ దిమ్మలకి ఒకటే పని. కాన్పుకి. మంత్రసాని నడుం విరక్కుండా పురిటి మంచాన్ని ఎత్తు చేస్తారు. దుకాణంలో అమ్మాయి నాలుగిచ్చింది, ఈయన నాలుగూ తెచ్చాడు, నాలుగు కోళ్ళ కిందా పెట్టాడు. మంచం గుర్రమంత ఎత్తయింది, బల్లపరుపుగా.

ఆఫ్కె చూసింది. "ఇందులో తలవైపేది?"

వొబ్బె మంచం చుట్టూ ఓసారి తిరిగాడు. "ఎత్తయితే అయింది కదా," అన్నాడు.

ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది. మా ఊళ్ళో కిటికీలకి తెరలు వెయ్యరు. వేస్తే ఏదో దాస్తున్నారంటారు. వీధిలో పోయేవాళ్ళందరికీ ఎత్తు మంచం కనిపించింది. "నింకెకి నొప్పులొచ్చాయి! అమ్మగారింట్లోనే కంటోంది!" అని గుప్పుమంది. ఫెర్రీలో ఉన్న రిన్సెకి ఎవరో ఫోన్ చేశారు. కొలువుకి సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చాడు. ఎదురింటి గ్రీచె, ఎనభై దాటిన ముసలమ్మ, బిడ్డ పుడితే పంచే రస్కుల పొట్లంతో, వాటిమీద చల్లే చక్కెర పూత సోంపు గింజలతో తయారైంది. గులాబీవి, నీలంవి రెండు రంగులూ తెచ్చింది, ఏ బిడ్డయినా పనికొస్తాయని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టయింది వ్యవహారం. చూలైతే ఉంది లెండి, ఆ నింకె తాపీగా తన ఇంట్లో ఉప్పు చేప తింటోంది.

రిన్సె తలుపు తోసుకొచ్చి మంచం మీద అత్తగారిని చూసి, "మీరా?" అన్నాడు.

"నేనే. ఆడపిల్లయితే నీ పేరే పెడతాను," అంది ఆఫ్కె. నవ్వబోయి దవడ పట్టుకుంది.

కాళ్ళవైపు రెండు దిమ్మలూ తీసేశారు. అప్పుడు మంచం జారుడుబల్లయింది. ఆఫ్కె తలగడ మీద పడుకుని నడిమంచంలో లేచేది. మోకాళ్ళ కింద దుప్పటి చుట్ట పెడితే ఆగింది. ఆగడం వరకే. నిద్ర పట్టకపోతే కళ్ళు మండేవి. పడితే ఒళ్ళు దానంతటది బోర్లా తిరిగేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. దవడ ఒత్తుకుని ప్రాణం జివ్వుమంటే గాని మెలకువ వచ్చేది కాదు. వొబ్బె కాపలా కూర్చున్నాడు, చేతిలో గరిటె, ఒళ్ళో గిన్నె. పెళ్ళాం తిరగబోతే మోగించాలని ఒప్పందం. కాసేపటికి ఆయనే గిన్నె కౌగిలించుకుని గురకపెట్టేవాడు. ఆఫ్కె మేలుకుని ఆయన గిన్నె జారకుండా చూసేది.

వారం తర్వాత డాక్టరు ఎక్స్‌రే చూసి కనుబొమలు ముడిచాడు. "బోర్లా పడుకున్నారు కదూ?"

"నేను కాదు, నా ఒళ్ళు."

"వెంట్రుకవాసి జరిగింది. ఇప్పటికి పరవాలేదు. ఇంకొక్కసారి జరిగితే మళ్ళీ కోసి బిగించాలి. వారమైనా ఇక్కడే ఉంచుకుంటాను."

"ఎప్పుడు?"

డాక్టరు చెప్పిన తేదీలు సరిగ్గా నింకె పురిటి రోజులు. ఆఫ్కె నోరు మామూలుగా ఉంటే ఆ ఆసుపత్రి కిటికీలు ఏమయ్యేవో. నోరు కట్టేసి ఉంది గనక ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళాం ఏడవడం వొబ్బె చాలా ఏళ్ళ తర్వాత చూశాడు. దారిలో బస్సులో ఆవిడ చెయ్యి వదల్లేదు.

అక్కడి నుంచి ఆ ఇంట్లో నిద్రే పండగ, నిద్రే పరీక్ష. వీధి వీధంతా పాల్గొంది. ఒకరు వాలుకుర్చీ తెచ్చారు, ఒకరు ఇసక సంచీ తెచ్చారు. వొబ్బె ఆవిడ నైటీకి ముందు వైపు జేబు కుట్టి అందులో వలకి కట్టే బెండు పెట్టాడు, బోర్లా తిరిగితే గుచ్చుకుంటుందని. గుచ్చుకుంది. బెండునే దిండనుకుని కరుచుకు పడుకుంది మహాతల్లి.

గ్రీచె అంతా విని కర్ర నేలకి తాటించింది. "మీకు పడుకోవడమే రాదు. మా అమ్మమ్మ గోడ అలమారా మంచంలో కూర్చునే నిద్రపోయేది. తలుపులు వేసుకుని, వీపు వెనక దిండ్లు పెట్టుకుని. కాళ్ళు చాపుకుని చదునుగా పడుకునేది శవాలేనే పిల్లా!"

ఈ మాట వొబ్బె చెవిన పడకుండా ఉండాల్సింది. ఆ సాయంత్రమే మెట్లకింది గూడు ఖాళీ చేశాడు. చీపుళ్ళు, బూట్లు, గొడుగులు బయటపడేసి పరుపు ముక్క వేశాడు. ఆఫ్కె అందులో ముడుచుకు కూర్చుంది. తలుపు వేశాడు. చీకట్లో, ఇరుగ్గా, పడవ గదిలాగే అనిపించి ఆవిడకి నిజంగానే కునుకు పట్టింది. అంతలో నింకె వచ్చి, వదిలేసిన బూట్ల కోసం గూడు తలుపు తీసింది. లోపల కట్టుకట్టిన ముఖం! నింకె పెట్టిన కేకకి ముందు వొబ్బె, వెనక ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

"నన్ను ఇక్కడే కనమంటావా ఏంటమ్మా!" అంది నింకె పొట్ట పట్టుకుని.

"కనవే, నేను మెలకువగానే ఉన్నాను," అంది ఆఫ్కె. నవ్వలేక కన్నీళ్ళు పెట్టుకున్నారు ఇద్దరూ.

నింకెకీ నిద్ర లేదు పాపం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, బోర్లా అయ్యే పని కాదు, ఎడమ పక్కకే తిరగాలి. మధ్యాహ్నాలు అమ్మ మంచానికే వచ్చి చేరేది, అరటిపండు వంపులో ఉండే పొడవాటి దిండు ఒకటి చంకన పెట్టుకుని. ఆ దిండుతో తల్లీకూతుళ్ళకి యుద్ధం మొదలైంది. దాన్ని రెండు భుజాల చుట్టూ తిప్పి పెట్టుకుంటే ఎటూ దొర్లలేమని ఆఫ్కె కనిపెట్టింది.

"ఇటివ్వమ్మా, నేను కడుపుతో ఉన్నదాన్ని."

"నేను దవడతో ఉన్నదాన్ని."

"నువ్వు నన్ను కన్నప్పుడు ఎలా పడుకున్నావు?"

"బోర్లా పడుకోలేక నీ మీద మహా కోపంగా ఉండేదాన్ని. నువ్వు పుట్టిన రోజున మొదట చేసిన పని తిరిగి పడుకోవడం."

ఒకరు దిండు లాగుతుంటే ఒకరు కస్టర్డ్ తాగుతూ, ఎదురుగా గ్రీచె అల్లిక అల్లుతూ, కిటికీ బయట ఎవరు పోతున్నా చెయ్యూపుతూ, ఆ గదిలో మధ్యాహ్నాలు తిరనాళ్ళలా గడిచాయి. ఏర్పాటు మొత్తానికి కుదిరింది. తలవైపు దిమ్మలు, మోకాళ్ళ కింద చుట్ట, భుజాల చుట్టూ అరటిదిండు. చూసినవాళ్ళు సింహాసనమన్నారు. నిద్ర మాత్రం రాలేదు. ఏం లోటో ఆఫ్కెకి తెలుసు. గుండెల మీద ఖాళీగా ఉంది. అరవయ్యేళ్ళుగా అక్కడ ఏదో ఒకటి అదిమిపెట్టుకుని నిద్రపోయిన మనిషి, గాలిని కప్పుకుని ఎలా నిద్రపోతుంది? పైన దిండు పెట్టుకుంటే దాంతోపాటే బోర్లా తిరిగిపోయేది. అందుకని తిరక్కుండా ఉండాలంటే ఒకటే మార్గమని తేల్చుకుంది. మేలుకోవడం. కళ్ళు రెండూ ఎర్రగా, ముఖం వాచి, కూర్చుని కూర్చునే తూగేది. "కాన్పయ్యేదాకా. ఆ తర్వాత నన్ను కోసుకోనీ," అనేది.

ఒకరోజు పొద్దున్న పదింటికి, ఆ దిండు కోసం లాగులాడుతుండగానే, నింకె చటుక్కున ఆగిపోయింది.

"అమ్మా. దిండు నువ్వే తీసుకో."

"ఎందుకే?"

"తడిసింది."

ఇక చూడండి! వొబ్బె సైకిలెక్కాడు, ఎందుకో తెలియక దిగాడు. గ్రీచె మంత్రసానికి ఫోన్ చేసింది. రిన్సె అప్పుడు దీవికీ ఒడ్డుకీ నడుమ సముద్రంలో ఉన్నాడు. ఫెర్రీని వెనక్కి తిప్పమని కెప్టెన్ని బతిమాలాడట గాని అది సైకిల్ కాదుగా. నింకెని తన ఇంటికి తీసుకెళ్దామా అంటే, ఆ పిల్ల మంచం కోడు పట్టుకుని, "నేనిక్కణ్ణుంచి కదల్ను," అంది.

మంత్రసాని మార్రిట్ సంచీతో లోపలికొచ్చి, వాలుగా ఉన్న మంచాన్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ జారుడుబల్ల మీద నేను కాన్పు చెయ్యను. మిగతా రెండు దిమ్మలేవి?"

మిగతా రెండు దిమ్మలు పెరట్లో వొబ్బె బోర్లించిన పడవ కింద ఉన్నాయి. పడవకి పచ్చరంగు వేస్తున్నాడు. రంగు ఆరకుండానే దిమ్మలు లాక్కొచ్చాడు, పడవ ధబ్బున పడింది. గ్రీచె కూడా కర్ర పారేసి మంచం కాళ్ళవైపు ఎత్తింది. నాలుగు కోళ్ళ కిందా నాలుగు దిమ్మలు. మంచం గుర్రమంత ఎత్తయింది, బల్లపరుపుగా.

వొబ్బె చేతులు తుడుచుకుంటూ అందరివంకా చూశాడు. "మొదటి రోజే నేను నాలుగూ పెట్టానా లేదా?"

"బయటికి నడువు," అన్నారు ఆడవాళ్ళందరూ ఒక్కసారే.

ఆఫ్కె కూతురి తలవైపు నిలబడింది. నింకె ఆవిడ చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడమంటే ఎముకలు లెక్కపెట్టడమే. నొప్పి వచ్చినప్పుడల్లా ఆఫ్కెకి కేక వెయ్యాలనిపించేది. పళ్ళు కట్టేసి ఉన్నాయి. గొంతులోంచి ఒకటే ధ్వని వచ్చేది, "ఊఁ! ఊఁ! ఊఁ!" అని. విచిత్రం, నింకెకి అదే పట్టు దొరికింది. తల్లి ఊఁ అంటే కూతురు ఊఁ అనేది. మార్రిట్ మాట వినడం ఇద్దరూ మానేశారు. వీధిలో సైకిళ్ళు ఆగిపోయాయి. గ్రీచె ముందే దుప్పటి ఒకటి కిటికీకి అడ్డం కట్టింది గనక చూడ్డానికేం లేదు, అందరూ వింటూ నిలబడ్డారు. నేనూ ఉన్నాను. వంతెన అవతల పడవలు ఆగి హారన్లు కొట్టాయి, ఆఫ్కె బదులు వంతెన చూస్తున్న కుర్రాడితో సహా ఎవరికీ వినిపించలేదు.

మధ్యాహ్నం దాటాక లోపల్నుంచి సన్నటి ఏడుపు వినిపించింది. ఆ వెంటనే ఇంకో ఏడుపు, అది వొబ్బెది, వంటింట్లోంచి. ఆడపిల్ల! గ్రీచె దుప్పటి విప్పి, కిటికీలోంచి గులాబీరంగు సోంపు గింజల పొట్లం ఊపింది. వీధిలో చప్పట్లు మోగాయి.

రిన్సె రొప్పుతూ వచ్చాడు. పాపని చూశాడు, కుర్చీ వెతుక్కున్నాడు. అందరూ రస్కులకి వెన్న రాసి, గింజలు చల్లుకుని, కరకరమని నములుతున్నారు. ఆఫ్కె ఒక గింజ పెదవుల మధ్య పెట్టుకుని చప్పరించింది. నిలబడే తూలుతోంది.

పురిటి నర్సు వచ్చింది. నింకెకి ఒళ్ళు తుడవాలి, పక్క మార్చాలి. ఆఫ్కె వంక ఎగాదిగా చూసి, వాలుకుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు సర్దింది. "కాసేపు కళ్ళు మూసుకోండి."

"వద్దమ్మా. నిద్రపోతే తిరుగుతాను. తిరిగితే ఆసుపత్రిలో పడేస్తారు. దీన్ని వదిలి వారం రోజులు నేను పోను," అంది ఆఫ్కె. ఆ మాటలో మొండితనం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

నర్సు పాపని ఊలు గుడ్డలో చుట్టి, తెచ్చి ఆఫ్కె గుండెల మీద బోర్లా పడుకోబెట్టింది. "పక్క మార్చేదాకా ఇలా పట్టుకోండి మరి. నేనిక్కడే ఉంటాను."

వెచ్చగా, మూడు కిలోల బరువు. పాప ఒకసారి మూలిగి, చెంప ఆవిడ రొమ్ము ఎముకకి ఆనించి, రెండు పిడికిళ్ళతో నైటీ కరుచుకుని నిద్రపోయింది. ఆఫ్కె ఊపిరి కూడా చిన్నగా తీసింది. వీపు మీద ఒక చెయ్యి, పిర్రల కింద ఒక చెయ్యి వేసింది. కళ్ళు మూయకూడదనుకుంది. ఆ అనుకోవడమే చివర గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ పచ్చబడింది. ఆఫ్కె రెండు చేతులూ గుండెల మీదే, వంపు తిరిగి అలాగే ఉన్నాయి. వాటి కింద పాప లేదు.

"నింకె! పాపేది?"

"ఇక్కడుందమ్మా, నా దగ్గర పాలు తాగుతోంది," అంది మంచం మీంచి నింకె గుసగుసగా. "ఎప్పుడో తీసేసుకున్నాం. నువ్వు మాత్రం ఇంతసేపూ దాన్ని పట్టుకునే ఉన్నావు. ఇటు కదల్లేదు, అటు కదల్లేదు."

ఆఫ్కె తన చేతుల వంక చూసుకుంది. తియ్యలేదు. అలాగే ఉంచుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది.